ఎనిమిది వారాల వేసవి పరిశోధన శిక్షణ: పని బాగుంది, కొలతే బాగులేదు

ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివే సైన్సు విద్యార్థులకు వేసవి సెలవుల్లో పరిశోధన అనుభవం ఇప్పిస్తామని చెప్పి రుసుము తీసుకొనే ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో మా మేనకోడలు ఈ ఏడాది ఎనిమిది వారాలు పనిచేసింది. రుసుము 14,500 రూపాయలు; శాంపిళ్ళ కోసం తిరిగిన బస్సు, ఆటో ఖర్చులు వేరు. నేను ఈ ఊళ్ళోనే ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. జూన్ చివర్లో ఆమె ఇంటికి తెచ్చిన అబ్జర్వేషన్ నోటుబుక్కు, స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు, సర్టిఫికెట్టు, వీటితోపాటు సంస్థవారు జతచేసిన నాలుగు పేజీల మూల్యాంకన పత్రం తీరిగ్గా చదివాను, రెండుసార్లు అక్కడికి వెళ్ళి మాట్లాడాను కూడా. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు. బయాలజీ బ్యాచి పని నేను చూడలేదు గనుక ఈ సమీక్ష కెమిస్ట్రీ బ్యాచికి మాత్రమే వర్తిస్తుంది.

ఇటువంటి శిక్షణలకు ఈమధ్య ఇంత గిరాకీ ఎందుకు పెరిగిందో ముందుగా చెప్పాలి. జాతీయ విద్యావిధానం 2020 వచ్చాక, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విడుదల చేసిన క్రెడిట్ల (చదివిన గంటలను బట్టి లెక్కించే పాయింట్ల) చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ ఆనర్సుకు 160 క్రెడిట్లు కావాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం గాని అంతకు మించి గాని మార్కులు తెచ్చుకొన్నవారు నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్సును ఎంచుకోవచ్చు; అందులో 12 క్రెడిట్లు ఒక్క పరిశోధన ప్రాజెక్టుకే ఉంటాయి. అప్పటివరకు సీనియర్ల రికార్డు పుస్తకంలోని రీడింగులు చూసి తమ రీడింగులు దిద్దుకొన్న పిల్లలకు, ఉన్నట్టుండి సొంత ప్రశ్న, సొంత కొలత, సొంత తప్పు అంటే కాళ్ళూ చేతులూ ఆడవు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ళలో చాలావాటిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం ఈ పిల్లలదే; పరిశోధన అంటే రోజూ ఏం చేస్తారో ఇంట్లో అడిగి తెలుసుకొనే వీలు లేదు. కాబట్టి తల్లిదండ్రులు ఒక సర్టిఫికెట్టు ఉంటే నాలుగో ఏడాదికి మంచి గైడు దొరుకుతాడన్న ఆశతో డబ్బు కడుతున్నారు. ఆ ఆశ తప్పని నేను అనను, కాని డబ్బు కట్టేది దేనికో తెలిసి కట్టాలి.

వసతి సంగతి త్వరగా ముగిస్తాను. మేడమీద ఒక పెద్ద గది, రెండు ల్యాబు బల్లలు, ద్రావణాలు కొలిచి పోసే గాజు గొట్టాలు (బ్యూరెట్లు, పిపెట్లు) సరిపడా, ఒక పీహెచ్ మీటరు, నాలుగు దశాంశాల దాకా చూపే త్రాసు ఉన్నాయి. ఫ్యాన్లు పనిచేస్తాయి, మే నెల మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు మాత్రం త్రాసు ముందు కూర్చోవడం శిక్షే. బ్యాచికి 12 మంది, ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లు. గైడు చిన్నవాడు, ఓపికమంతుడు, మెనిస్కస్ (గొట్టంలో ద్రవం పైన కనిపించే వంపు) చూసేటప్పుడు కన్ను ఏ ఎత్తులో ఉండాలో ఒక్కొక్కరి పక్కన నిలబడి చూపించాడట. మా కాలేజీలో అరవైమందికి ఒక డెమాన్‌స్ట్రేటరు ఉంటే ఆ పని ఎవరూ చేయలేరు. ఈ ఒక్క విషయంలో రుసుములో సగం గిట్టినట్టే లెక్క.

మా అమ్మాయి జట్టుకు ఇచ్చిన ప్రాజెక్టు గోపాల్‌పూర్ తీరం వెంబడి ఊళ్ళలోని 11 నూతుల నీటిలో క్లోరైడ్, అంటే ఉప్పదనాన్నిచ్చే పదార్థం, ఎంత ఉందో కొలవడం. ప్రాజెక్టు ఎంపిక చక్కగా ఉంది. ఇసుక నేలలో మంచినీరు తేలికగా ఉండి పైన నిలుస్తుంది, దాని కింద సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. పైన ఉన్నదాన్ని మోటార్లతో అతిగా తోడితే కిందిది పైకి వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది గనుక అది నూతినీటిలో కాస్త కలిసినా, తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోసి కొలిచే టైట్రేషన్‌లో తెలిసిపోతుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములలోపు ఉండాలి, మరో నీటి ఆధారం లేనిచోట 1000 దాకా ఒప్పుకొంటారు. ఈ హద్దు ముఖ్యంగా రుచికి సంబంధించినదే. 250 దాటిన నీరు విషమని ఎవరూ భయపడనక్కరలేదు. అయినా నూతి యజమానికి 250 అనే అంకె ఒక తీర్పులాగే వినిపిస్తుంది. మా వ్యవహారంలో చిక్కంతా అక్కడే వచ్చింది.

పద్ధతి మోర్ టైట్రేషన్. నీటిలో కొంచెం పొటాషియం క్రోమేట్ వేసి బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేట్ వదులుతారు. క్లోరైడ్ ఉన్నంతసేపు తెల్లటి అవక్షేపం పడుతుంది. అది అయిపోగానే సిల్వర్ క్రోమేట్ ఏర్పడి పసుపు రంగులో ఇటుక ఛాయ కనిపిస్తుంది. ఆ ఛాయ మొదటిసారి కనిపించినప్పుడే ఆపాలి. మా అమ్మాయి మొదటి వారమంతా ఇటుక రంగు ముదిరేదాకా ఆగి, ప్రతిసారీ అర మిల్లీలీటరు ఎక్కువ పోసింది. నోటుబుక్కులో ఆ పేజీలు చూడముచ్చటగా ఉన్నాయి: కొట్టివేతలు, పక్కన పెన్సిలుతో "మళ్ళీ దాటిపోయింది" అన్న మాట, పేజీ మూలన వేలిముద్రలాంటి నల్లటి మరక. సిల్వర్ నైట్రేట్ తగిలిన చర్మం వెంటనే నల్లబడదు, కాసేపటికి వెలుతురు తగిలాక నల్లబడుతుంది. వారంపాటు ఆమె వేళ్ళు చూసి మా అక్క గోరింటాకు సరిగా పండలేదా అని అడిగింది. మొదటి పది రోజుల ఆ పేజీలను చూసి ఈ శిక్షణ నిజమైనదేనని నేను నమ్మాను. దొంగ రికార్డు రాసేవారికి కొట్టివేతలతో పని ఉండదు.

ఏడో నూతి దగ్గర కథ మారింది. మొగలి పొదల పక్కనున్న ఆ నూతి నీరు 25 మిల్లీలీటర్లు తీసుకొని, 0.0141 నార్మల్ (గాఢతకు కొలమానం) సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేస్తే, బ్లాంక్ (క్లోరైడ్ లేని నీటికి కూడా పట్టే కొద్దిపాటి మొత్తం) తీసివేయగా 15.5 మిల్లీలీటర్లు పట్టింది. లెక్క వేస్తే లీటరుకు 310 మిల్లీగ్రాములు. అయిదు రోజుల తరువాత, పద్ధతి నిలకడగా ఉందో లేదో చూడడానికి అదే నూతి నీటిని మళ్ళీ తెచ్చి కొలిచారు. ఈసారి 19.5 మిల్లీలీటర్లు, అంటే 390. మధ్యలో వాన లేదు, కొత్త మోటారు పెట్టిన దాఖలా లేదు. గైడు రెండో రీడింగు పొరపాటై ఉంటుందని, రిపోర్టులో మొదటిదే వేయమని చెప్పాడు. అప్పటికి ఆరో వారం పూర్తవుతోంది, ఏడో వారంలో పవర్‌పాయింట్ తయారీ మొదలుపెట్టాలని టైంటేబుల్లో అచ్చయి ఉంది.

ఆమెకు మనసొప్పక నాతో చెప్పింది. నేను చేసినదల్లా ఒక ప్రశ్న అడగడమే: "రెండు రోజులూ సీసా ఒకటేనా అమ్మా?" కాదు. మొదటి సీసాలోని సిల్వర్ నైట్రేట్ దాదాపు అయిపోతే రెండో సీసా కలిపారు. రెండోదాన్ని తెలిసిన గాఢత ఉన్న ఉప్పు ద్రావణంతో సరిచూశారా అంటే, లేదు మావయ్యా అంది. మర్నాడు ఆమె పట్టుబట్టి ఆ పని చేసింది. 0.0141 నార్మల్ సోడియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్లకు, సరైన సిల్వర్ నైట్రేటైతే 10 మిల్లీలీటర్లే పట్టాలి; ఈ సీసాది 12.6 పట్టింది. అంటే దాని అసలు గాఢత 0.0112 మాత్రమే. ద్రావణం పలచబడితే ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఎక్కువ పోస్తే నీటిలో క్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. 390ని ఈ నిష్పత్తితో సవరిస్తే మళ్ళీ 310కే వచ్చింది. నుయ్యి మారలేదు, సీసా మారింది.

ఎందుకు పలచబడిందో కూడా తేలింది. సీసా అడుగున పాలు విరిగినట్టు తెల్లగా కొంచెం మడ్డి ఉందని ఆమెకు గుర్తుంది. ఆ రోజు డిస్టిల్డ్ వాటర్ క్యాను ఖాళీ అయితే సహాయకుడు కుళాయి నీటితోనే కలిపాడట. కుళాయి నీటిలోని క్లోరైడ్ కొంత వెండిని అప్పుడే పట్టేసుకొని మడ్డిగా కింద కూర్చుంది. గాఢతలో తగ్గిన 0.0029ని లెక్క వేస్తే కుళాయి నీటిలో లీటరుకు 103 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉండాలి. మొదటి సీసాలో అడుగున మిగిలిన కాస్త మంచి ద్రావణంతో కుళాయి నీటిని కొలిస్తే 105 వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ఈ టైట్రేషన్ చెబుతున్నాను. ఒక విద్యార్థి తన తప్పును ఇంత దగ్గరగా లెక్కతో పట్టుకోవడం నేను చూడలేదు.

ఇక్కడితో ఆగితే ఇది సంస్థకు మెప్పు తెచ్చే కథే. కాని ఎనిమిది నుంచి పదకొండు దాకా నాలుగు నూతులను కొలిచింది కూడా ఆ రెండో సీసాతోనే. ఏడో నూతికి రెండు రీడింగులు ఉండబట్టి తేడా కనబడింది. మిగతా నాలుగింటికి ఒక్కొక్క రీడింగే ఉండబట్టి తేడా కనబడలేదు. గైడు చెప్పినట్టు ఏడో నూతి రెండో రీడింగు ఒక్కటే తీసేస్తే, కనిపించిన తప్పు పోయి కనిపించని నాలుగు తప్పులు రిపోర్టులో మిగులుతాయి. అలాగే మిగిలాయి. తొమ్మిదో నూతి నీటికి రిపోర్టులో 290 అని ఉంది. సవరిస్తే 230, అంటే హద్దు లోపలే. ఆ ఇంటివారికి మాత్రం హద్దు దాటిందని ముందే చెప్పి వచ్చారు. సవరణ చేయమని మా అమ్మాయి అడిగితే, రిపోర్టు బైండింగుకు వెళ్ళిపోయిందని, జట్టులో మిగతా ఇద్దరి ప్రెజెంటేషనూ ఆగుతుందని జవాబు వచ్చింది. నేను వెళ్ళి మాట్లాడాక ఒక పేజీ సవరణ పత్రం రిపోర్టు వెనక అతికించడానికి ఒప్పుకొన్నారు. ఆ ఇంటికి వెళ్ళి చెప్పే పని ఎవరిదని అడిగితే, అది తమ పరిధిలోనిది కాదన్నారు. ఆదివారం బస్సెక్కి మా అమ్మాయే వెళ్ళి చెప్పి వచ్చింది. వాళ్ళు అప్పటికే మూడు వారాలుగా తాగడానికి నీళ్ళ క్యాన్లు కొంటున్నారు.

ఇప్పుడు మూల్యాంకన పత్రానికి వద్దాం. సంస్థవారు తమ ప్రకటనలో అన్నిటికంటే గొప్పగా చెప్పుకొనేది దీని గురించే: అంతర్జాతీయ పద్ధతిలో అనుభవాన్ని కొలిచి, విద్యార్థి ఎంత ఎదిగాడో గ్రాఫుతో చూపిస్తామని. పత్రంలో ఇరవై ఐదు వాక్యాలు ఉన్నాయి. "పరిశోధనలో అడ్డంకి వస్తే తట్టుకోగలను", "సమాచారాన్ని విశ్లేషించగలను", "శాస్త్రవేత్తలా ఆలోచించగలను" వంటివి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా విద్యార్థి తనకు తానే మార్కు వేసుకోవాలి, మొదటి రోజు ఒకసారి, చివరి రోజు ఒకసారి. రెండింటి తేడాయే ఎదుగుదల.

అడ్డంకి గురించిన వాక్యానికి మా అమ్మాయి మొదటి రోజు 5 వేసుకొంది, చివరి రోజు 3. విశ్లేషణకు 4 నుంచి 3కు దిగింది. ఆమె గ్రాఫు రెండుచోట్ల కిందికి వంగింది. దాని కింద "ఆత్మవిశ్వాసం పెంచుకోవలసిన అవసరం ఉంది" అని అచ్చువేశారు. అదే జట్టులో, తెల్లటి మడ్డి ఊసే పట్టించుకోని అబ్బాయికి అన్నీ 5లు వచ్చి, గ్రాఫు మేడమెట్లలా పైకి ఎక్కింది. అతడిని తప్పు పట్టను; అతడు అడిగినదానికి తనకు తోచిన జవాబు రాశాడు. అడగడమే పొరపాటు. మే మొదటి వారంలో ఆమెకు అడ్డంకి అంటే పిపెట్ విరగడం. జూన్‌లో అడ్డంకి అంటే ఏమిటో తెలిసింది. కొలిచేవారి మనసులోని కొలబద్ద మధ్యలో పొడుగు మారితే, రెండు కొలతలనూ ఒకదాని నుంచి ఒకటి తీసివేయడానికి లేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన అభ్యంతరమేమీ కాదు. డిగ్రీ విద్యార్థులను పరిశోధనలో కూర్చోబెట్టే ఏర్పాటు అమెరికాలో పాతది. ఎంఐటీలో 1969లో మొదలైంది, అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి వేసవి పరిశోధనలకు డబ్బు ఇస్తోంది. దాని ఫలితాన్ని కొలవడానికి గ్రిన్నెల్ కాలేజీకి చెందిన డేవిడ్ లొపాటో తయారుచేసిన స్యూర్ అనే ప్రశ్నావళి తొలి ఫలితాలు 2004లో వచ్చాయి. ఆ తరువాత కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఉర్సా అనే మరో ప్రశ్నావళి వచ్చింది. మన సంస్థవారి వాక్యాలు కొన్ని ఆ ధోరణిలోనే ఉన్నాయి. ఆ రెండు ప్రశ్నావళులూ ఆలోచించి తయారుచేసినవే. విద్యార్థికి ఏమనిపించిందో, సైన్సులో కొనసాగాలని ఉందో లేదో, గైడు సమయం ఇచ్చాడో లేదో తెలుసుకోవడానికి అవి బాగా పనికివస్తాయి. వాటితో విద్యార్థికి ఏం చేతనవునో తేల్చబోతేనే చిక్కు. 2015లో విద్యాపరిశోధకురాలు మార్సియా లిన్, ఆమె సహచరులు సైన్స్ పత్రికలో ఈ రంగంలో అంతకుముందు అయిదేళ్ళలో వచ్చిన 60 అధ్యయనాలను పరిశీలించి, వాటిలో సగానికి పైగా విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకొన్న మాటల మీదే ఆధారపడ్డాయని రాశారు. పైగా పరిశోధన గురించి ఉన్న తప్పుడు అభిప్రాయాలను ఇటువంటి అనుభవాలు ఇంకా గట్టిపరచవచ్చని కూడా హెచ్చరించారు. మన ఏడో నూతి జట్టులో మిగతా ఇద్దరు నేర్చుకొన్నది అదేనేమో: నచ్చని రీడింగును తీసేయడమే పరిశోధన అని.

మరి దేన్ని కొలవాలి? కోర్సులో భాగంగా చేయించే పరిశోధనను గుర్తించడానికి 2014లో కొందరు జీవశాస్త్ర అధ్యాపకులు, విద్యాపరిశోధకులు కలిసి అయిదు లక్షణాలు సూచించారు: శాస్త్రీయ పద్ధతులు వాడడం, ముందుగా ఎవరికీ తెలియనిదాన్ని కనుక్కోవడం, ఆ ఫలితం ల్యాబు బయట ఎవరికో పనికిరావడం, కలిసి పనిచేయడం, చేసినదాన్ని సవరించుకొని మళ్ళీ చేయడం. వీటితో చూస్తే మన శిక్షణకు మొదటి నాలుగింటిలో మంచి మార్కులే వేస్తాను. 11 నూతుల అంకెలు ఏ పుస్తకంలోనూ లేవు, ఆ ఊరివారికి కావలసినవి. అయిదోదానికి సున్నా. ఎనిమిది వారాల టైంటేబుల్లో మళ్ళీ చేయడానికి ఒక్క రోజు కూడా ఖాళీగా ఉంచలేదు, పవర్‌పాయింటుకు మాత్రం పది రోజులు ఉన్నాయి. వంటవాడికి సరుకులన్నీ ఇచ్చి రుచి చూసే గరిటె ఇవ్వకపోవడం లాంటిది ఇది.

విద్యార్థి మాట కాకుండా విద్యార్థి పనినే చూసే పరీక్షలూ ఉన్నాయి. 2011లో ప్రచురితమైన ఒక చిన్న పరీక్షలో, జిన్సెంగ్ అనే మూలిక ఓర్పు పెంచుతుందని ప్రకటనలు చెబుతున్నాయి, అది నిజమో కాదో తేల్చడానికి ప్రయోగం ఎలా రూపొందిస్తారో రాయమని అడుగుతారు. జవాబుకు పది మార్కుల పట్టీ ఉంటుంది. దాన్ని మన ఊరికి మార్చి ముగ్గురు పిల్లలకూ మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి ఇచ్చాను. చిల్లగింజ అరగదీసి వేస్తే బురదనీరు తేరుకుంటుందని మన పెద్దలకు తెలుసు. ఉప్పదనం కూడా తగ్గుతుందని ఒకాయన అంటున్నాడు, ఎలా తేలుస్తారు అని. అన్నీ 5లు వేసుకొన్న అబ్బాయి గింజ వేసిన నీటిని కొలుస్తానని రాశాడు. గింజ వేయని నీరు పక్కన పెట్టాలన్న ఆలోచన రాలేదు. రెండో అమ్మాయి అది రాసింది, కాని ఒక్కసారే కొలుస్తానంది. మా అమ్మాయి ఒకే నూతి నీటిని ఆరు సీసాల్లో తీసుకొని, మూడింటిలో గింజ వేసి, మూడింటిలో ఊరికే కలియతిప్పి, అదే రోజు సరిచూసిన సిల్వర్ నైట్రేట్‌తో, ఏ సీసా ఏదో కొలిచేవారికి చెప్పకుండా కొలిపిస్తానని రాసింది. ముగ్గురితో శాస్త్రం తేలదని నాకు తెలుసు, పైగా ఒకరు నా మేనకోడలు. కాని అరగంటలో, ఒక తెల్లకాగితంతో, నాలుగు పేజీల గ్రాఫుకు అందనిది తెలిసింది.

భాష గురించి ఒక మాట. మూల్యాంకన పత్రం ఇంగ్లీషులో ఉంది, వివరణ ఒడియాలో చెప్పారు, పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. ప్రాజెక్టు మీద మీకు సొంతమన్న భావన ఎంత ఉందని అడిగే వాక్యానికి ఇద్దరు పిల్లలు, రిపోర్టు అట్టమీద తమ పేరు ముందు ఉందా వెనక ఉందా అన్నది అడుగుతున్నారని అనుకొని మార్కు వేశారు. ఇదే పిల్లలు తీరం వెంబడి జాలరి ఇళ్ళలో నూతి గురించి తెలుగులో అడిగి రాసుకొన్న వివరాలు చూస్తే ముచ్చటేస్తుంది: ఏ నెలలో నీరు కటువెక్కుతుంది, పప్పు ఎప్పుడు ఉడకదు, తుఫాను తరువాత ఎన్నాళ్ళు తోడిపోశారు. రిపోర్టులో ఆ పేజీలు లేవు. అవి సమాచారం కావని గైడు అనుకొని ఉండవచ్చు; నా మటుకు నాకు పట్టికలోని అంకెలను అర్థంచేసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

చివరి రోజు ప్రెజెంటేషన్లకు తల్లిదండ్రులను పిలిచారు, టీ, సమోసా బాగున్నాయి. వైవాలో అడిగిన ప్రశ్నలు రెండే: మోర్ పద్ధతి సూత్రం ఏమిటి, ముగింపు ఏమిటి. ఏం తప్పు జరిగిందని ఒక్కరినీ అడగలేదు.

డబ్బు విషయానికొస్తే, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్పుకు రుసుము లేదు సరికదా, రెండు నెలల పాటు భృతి కూడా ఇస్తారు. విద్యార్థులే కాదు, అధ్యాపకులూ దరఖాస్తు చేయవచ్చు. పోటీ ఎక్కువ కనుక అందరికీ రాదు. అయినా ప్రయత్నించకుండా 14,500 కట్టవద్దని మా విద్యార్థులకు చెబుతున్నాను. అది రానివారికి, కాలేజీలో గైడు దొరకనివారికి ఈ సంస్థ పనికివస్తుంది. ముఖ్యంగా బ్యూరెట్ ఎప్పుడూ సొంతంగా పట్టుకోని పిల్లలకు ఎనిమిది వారాల్లో చెయ్యి తిరుగుతుంది, నోటుబుక్కు నిజాయితీగా రాయడం అలవాటవుతుంది. అప్పటికే ఆ నేర్పు ఉండి, నాలుగో ఏడాది ప్రాజెక్టుకు సిద్ధపడాలనుకొనేవారికి రుసుము ఎక్కువే.

నా మార్కులు చెప్పమంటే, ల్యాబుకు, గైడుకు పదికి ఎనిమిది; ప్రాజెక్టు ఎంపికకు తొమ్మిది; ద్రావణాల తయారీలో శ్రద్ధకు మూడు; మూల్యాంకనానికి రెండు, ఆ రెండూ గైడు ఇచ్చే సమయం గురించి అడిగిన ప్రశ్నలకు. సంస్థవారికి నేను రాసిచ్చినవి మూడు సూచనలు. ప్రతి కొత్త సీసా మీద సరిచూసిన తేదీ, గాఢత, చూసినవారి సంతకం ఉండాలన్నది మొదటిది. పవర్‌పాయింట్ పది రోజుల్లో అయిదింటిని తిరిగి కొలవడానికి కేటాయించాలన్నది రెండోది. ప్రశ్నావళిని విద్యార్థి అభిప్రాయం కోసం ఉంచుకొని, ఎదుగుదల గ్రాఫు తీసేసి, దాని స్థానంలో నోటుబుక్కులో తప్పు పట్టుకొన్న ఒక పేజీ గురించి పావుగంట వైవా పెట్టాలన్నది మూడోది. మొదటిదానికి వెంటనే ఒప్పుకొన్నారు. రెండోదాని గురించి ఆలోచిస్తామన్నారు. మూడోదానికి మాత్రం, తల్లిదండ్రులు గ్రాఫు చూసే డబ్బు కడుతున్నారండీ అని నిర్వాహకుడు నవ్వుతూ అన్నాడు. చేరాలనుకొనేవారు కట్టేముందు గ్రాఫు కాకుండా పాత బ్యాచివారి నోటుబుక్కు ఒకటి చూపించమని అడగండి. నేను అడిగితే రెండు చూపించారు, రెండింటిలోనూ కొట్టివేతలు ఉన్నాయి.